రైట్ రైట్ అన్నందుకు

రాత 231, సోమవారం

సమస్త ప్రజలకూ, తేరు కంపెనీ వారికీ తెలియజేయడం ఏమనగా, ఈ ఉదయం ఆరు గంటల పన్నెండు నిమిషాలకు బెజవాడ ఆటోనగర్, దానియేలు షెడ్డులో ఉన్న మూడు కాళ్ళ స్టూలు రెండు కాళ్ళదైంది. స్టూలు వయసు పంతొమ్మిదేళ్ళు. మధ్యాహ్నం దాకా షెడ్డులో మౌనం పాటించాం. పని లేదు కాబట్టి మౌనం సులువుగానే కుదిరింది.

ఇలాంటివి రాస్తే ఎవరైనా అడుగుతారా అంటే అడగరు. నోటిమాటతో నడిచే తేరు బండ్లు తుడిచే ప్రతి షెడ్డూ రోజూ ఒక రాత రాసి కంపెనీకి పంపాలని రూలు. పంపకపోతే షెడ్డు మూత. పంపింది మాత్రం ఎవడూ చదవడు. చదువుతారో లేదో చూద్దామని ఆమధ్య పద్నాలుగు రోజులు వరసగా మా షెడ్డుకు ఏనుగు వచ్చి టైరు మార్పించుకుందని రాశాను. కంపెనీ నుంచి ప్రతి సాయంత్రం ఒకటే జవాబు. "అందినది. ధన్యవాదములు."

స్టూలు దానంతట అది విరగలేదు. నేను తన్నాను. కారణం ఆ ముందు నిమిషంలో చదివిన ఉత్తరం.

"శ్రీమతి కట్టెపోగు మార్తమ్మ గారి స్వరము, వాహన దుర్వినియోగము కారణముగా రద్దు చేయడమైనది. ఇకమీదట ఏ వాహనమూ ఆ స్వరమును ఆలకించదు. ఆ స్వరము వినిపించిన వాహనము తక్షణము నిలిచిపోవును."

మార్తమ్మ మా అక్క. అరవై రెండేళ్ళు. ఇరవయ్యెనిమిదేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. మంగళ, గురు, శనివారాలు ఏరు దాటి మంగళగిరి పక్క ఆసుపత్రికి పోయి, నాలుగేసి గంటలు మిషను మీద పడుకుని రక్తం కడిగించుకోవాలి. ఒక్క రోజు తప్పితే కాళ్ళు దిమ్మల్లా అవుతాయి. రెండు రోజులు తప్పితే నేను రాయను.

రేపు మంగళవారం.

రాత 232, మంగళవారం

అసలేం జరిగిందో అక్క చెప్పినట్టే రాస్తున్నాను.

మొన్న శుక్రవారం ఒక్కతే బందరు కాలువ రోడ్డు మీద తేరు బండిలో వస్తోంది. ఇప్పటి బండ్లకు స్టీరింగు లేదు, బ్రేకు లేదు, ముందు మూత తెరవడానికి లేదు. నోటితో చెబితే పోతుంది. అదీ కంపెనీ నేర్పిన భాషలో చెప్పాలి. ముందుకు సాగుము. నిలువుము. మెల్లగా చనుము. ఈ భాష మా ఇంట్లో ఎవరికీ రాదు. అక్క రెండు నెలలు కూర్చుని బైబిలు వాక్యాల్లాగా కంఠస్థం చేసింది.

ఎదురుగా మేకల మంద వచ్చింది. బండి ఆగింది. మేకలు పోయాయి. అక్క ధ్యాస మేకల మీదుంది. ఇరవయ్యెనిమిదేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది. తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి "రైట్ రైట్" అంది.

బెజవాడలో, ఆ మాటకొస్తే ఈ రాష్ట్రంలో బస్సెక్కిన ఎవరినైనా అడగండి. రైట్ రైట్ అంటే పద, పోనియ్యి అని. తేరు బండికి మాత్రం రైట్ అంటే కుడి. రెండుసార్లు అంది కాబట్టి రెండింతల కుడి. కుడిపక్క కాలువ.

నడుం లోతు నీళ్ళు కాబట్టి బతికింది. కిటికీలోంచి లాగినవాళ్ళు మేకలాయనా, వాళ్ళావిడా.

"నేనేవన్నా కుడికి పొమ్మన్నానంట్రా," అంటుంది అక్క. "కుడిపక్కనే కాలవుంటే కుడికి పొమ్మనేంత పిచ్చిముండలా కనపడుతున్నానా. దానికి కళ్ళున్నాయన్నారు గదా, ఆరు కళ్ళు. ఒక్కటీ కనపళ్ళేదా కాలవ."

"కనపడిందంట అక్కా. నువ్వు గట్టిగా చెప్పావు కాబట్టి నీ ఇష్టాన్ని గౌరవించిందంట. ఉత్తరంలో రాశారు."

"గౌరవించిందా."

"అట్టాగే రాశారు."

ఈ రోజు ఆసుపత్రికి నా గొంతుతో తీసుకెళ్ళాను. అక్క గొంతు వినపడితే బండి ఆగిపోతుంది కాబట్టి ఎక్కగానే చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అరవైమంది ఉన్న బస్సులో ఒక మూల నుంచి కేకేస్తే ఇంకో మూల చిల్లర తీసి పట్టుకునేవాళ్ళు, అలాంటి గొంతు. పద్నాలుగు కిలోమీటర్లు కొంగు కొరుక్కుంటూ కూర్చుంది. దగ్గొస్తే కళ్ళమ్మట నీళ్ళు కారాయి గాని దగ్గలేదు.

నేను పక్కన కూర్చుని "ముందుకు సాగుము" అంటున్నాను. ఇంత సిగ్గులేని మాట నా నోటితో ఎప్పుడూ అనలేదు.

రాత 234, గురువారం

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాం. వచ్చేటప్పుడు వారధి మీద, సరిగ్గా ఏటి నడుమ, అక్కకు పిక్కలు పట్టేశాయి. మిషను మీద నుంచి దిగిన రోజు అలా పట్టేస్తాయి. రాయిలా గట్టిపడతాయి. కొంగు నోట్లో ఉన్నా మూలిగింది. ఎవరైనా మూలుగుతారు.

"నిషిద్ధ స్వరము గుర్తించబడినది," అంది బండి, మర్యాదగా. ఆగిపోయింది. తలుపులకు గడియలు పడ్డాయి.

కంపెనీ నంబరుకు ఫోను చేశాను. అవతల కూడా బండి గొంతే.

"మీ సమస్యను ఒక్క పదములో తెలుపుము."

"మూలుగు."

"క్షమించుము. అర్థము కాలేదు."

"మా అక్క మూలిగిందమ్మా. పిక్కలు పట్టేసి మూలిగింది. మాట కూడా కాదు."

"మీరు వాహనమును అమ్మదలచితిరా?"

నలభై నిమిషాలు వారధి మీద ఉన్నాం. మధ్యాహ్నం రెండింటి ఎండ. అద్దాలు దిగవు. వెనక బండ్లన్నీ పక్కకు తప్పుకుని ఎంతో క్రమశిక్షణగా పోతున్నాయి. లోపల మనుషులున్నారు. ఒకరిద్దరు మావైపు చూశారు. వాళ్ళు దిగుదామన్నా వాళ్ళ బండి ఆగదు, వారధి మీద ఆపకూడదని దానికి రూలు.

నేను అక్క కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిక్కలు పిసుకుతున్నాను. బండి ఎలాగూ ఆగిపోయింది కదా అని అక్క కొంగు తీసేసి అందుకుంది. నన్ను, కంపెనీని, కంపెనీ పెట్టినవాడి ఏడు తరాలను, బస్టాండులో జేబుదొంగలను తిట్టినట్టు తిట్టింది. వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. వెయ్యి తిట్లు తిట్టి, "ఇప్పుడు ఎవడన్నా దిగేవాడుంటే దిగండి, బండి కదల్దు," అంది.

అప్పుడు ఎవరో కంపెనీలో మీట నొక్కారు. "అసౌకర్యమునకు చింతించుచున్నాము," అని బండి కదిలింది.

చింతించారంట.

రాత 235, శుక్రవారం

కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. స్వర పర్యవేక్షకుడు అని ఒకాయన ఉన్నాడు. పేరు తేజోమూర్తి. ముప్పై ఏళ్ళుంటాయి. కోపం తెప్పించనంత మర్యాదస్తుడు, అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

"కూర్చోండి దానియేలు గారు. రైట్ అంటే కుడి అండి. ప్రపంచమంతా అంతే కదా."

"ప్రపంచంలో బెజవాడ బస్టాండు లేదా సార్."

నవ్వాడు. "మీ బాధ అర్థమైంది. కానీ ఈ వాడుక గురించి మాకు ముందుగా ఎవరూ తెలియజేయలేదండి. తెలియజేసి ఉంటే తప్పు మాదే అయ్యేది. గొంతు ఈ రోజే తిరిగి ఇచ్చేసేవాళ్ళం."

నేను తెలియజేశాను. ఏడు వారాల కిందటే రాశాను. రాత 182. లబ్బీపేట నుంచి ఒకాయన బండి తుడిపించుకోడానికి వచ్చి, పోబోతూ నాతో కబుర్లలో పడి రైట్ రైట్ అంటే, బండి కుడికి తిరిగి మా షట్టరును గుద్దింది. ఆ రోజే రాసి పంపాను.

"తియ్యండి సార్, 182 తియ్యండి."

తీశాడు. పైకి చదివాడు.

"ఉదయం ఏనుగు వచ్చింది. ముందు ఎడమ కాలికి టైరు మార్చి పంపాం. మధ్యాహ్నం ఒక బండి, రైట్ రైట్ అంటే ముందుకు పోకుండా కుడికి తిరుగుతోంది. ఇక్కడ రైట్ రైట్ అంటే పదమని అర్థం. ఎవరో ఒకరు చస్తారు, వెంటనే సరిచేయండి. సాయంత్రం ఏనుగు మళ్ళీ వచ్చి గాలి తక్కువైందని గొడవ చేసింది."

ఆయన వేలు మళ్ళీ మొదటి లైను మీదికి వెళ్ళింది.

"ఏనుగు వచ్చిందా అండీ," అన్నాడు తేజోమూర్తి.

"రాలేదు సార్."

"మరి ఈ మధ్యలోది ఎలా నమ్మమంటారు."

"మీరు చదువుతారో లేదో చూద్దామని రాశాను. చదివుంటే ఆ రోజే అడిగేవాళ్ళు గదా. ఏనుగేంటయ్యా అని ఒక్కడు అడిగుంటే, ఏనుగు సంగతి వదిలెయ్యండి, కింద లైను చూడండి అని చెప్పేవాణ్ణి గదా."

"అది నిజమే అండీ. కానీ చదవకపోవడం తప్పని రూల్లో లేదు. అబద్ధం రాయడం తప్పని ఉంది."

బయటికొచ్చి షెడ్డు దారి పట్టాను. నాకు చిన్నప్పటినుంచీ ఇదే పని. ఏడో తరగతిలో హెడ్మాస్టారి కుర్చీకి గ్రీజు రాసినందుకు బడి మానిపించారు. ఎవరినైనా ఆట పట్టిస్తే నాకు అన్నం అరుగుతుంది. ఈసారి ఆట పట్టించింది మా అక్కను. నాకే తెలియకుండా.

రాత 237, ఆదివారం

నిన్న శనివారం కూడా కొంగు నోట్లో పెట్టుకునే వెళ్ళొచ్చింది. బండి ఆగలేదు. ఇంటికొచ్చాక నోరు తెరిచి చూపించింది. పెదవి లోపల కొరుక్కుని పుండు చేసుకుంది.

"ఇంక నేను ఆ బండెక్కనురా," అంది.

"ఎక్కకపోతే ఎట్టాగక్కా."

"పోతే పోతాను. నోరు మూసుకుని మాత్రం పోను."

పొద్దున్నే కరీముల్లా షెడ్డుకు పోయాను. బండ్ల సొట్టలు తీసేవాడు. ఇప్పుడు బండ్లకు సొట్టలు పడవు, పడితే కంపెనీయే తీసుకుపోతుంది, అందుకని రేకు డబ్బాలు చేస్తున్నాడు. వాడి షెడ్డు వెనక, గోనెపట్టాల కింద, వాళ్ళ నాన్న వదిలిపోయిన తెల్ల అంబాసిడరు ఉంది.

పట్టా లాగాను. ముందు బంపరులో హ్యాండిలు పెట్టే బెజ్జం ఇంకా ఉంది. మా తాత ఆ బెజ్జంలో ఇనప కడ్డీ పెట్టి తిప్పి బండ్లను లేపేవాడు. ఇంజను వెనక్కి తంతే మణికట్టు విరిగేది, రెండుసార్లు విరిగింది. మా నాన్న చోక్ లాగి, చెవి ఒగ్గి, దగ్గు వింటూ లేపేవాడు. నేను తాళం తిప్పి లేపాను. ఆ తర్వాత తాళం పోయి బొత్తాం వచ్చింది. బొత్తాం వచ్చిన ఏడాదే ఇంజను మీద ప్లాస్టిక్ మూత పడింది, లోపల ఏముందో చూడక్కర్లేదన్నారు. మూతకు సీలు పడింది. సీలు తీస్తే నేరమన్నారు. ఇంజను పోయి బ్యాటరీ వచ్చింది, పొగ పోయింది, అది మంచిదే, మా కరీముల్లా వాళ్ళ నాన్న పొగ మింగే పోయాడు. స్టీరింగు పోయింది, యాక్సిడెంట్లు తగ్గాయి, అదీ మంచిదే. నేను కాదనను. కానీ ప్రతిసారీ ఒక మంచి చేస్తూ చేతిలోంచి ఒకటి లాక్కున్నారు. మేం ఇచ్చుకుంటూ పోయాం. ఆఖరికి మిగిలింది నోరు. అదీ వాళ్ళ దగ్గర రాయించుకోవాలి, నచ్చకపోతే కొట్టేస్తారు.

పొడుగు స్క్రూడ్రైవరు ఇంజను మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే, ఏ వాల్వు ఏడుస్తుందో చెప్పేవాణ్ణి నేను. ఒక్కసారి కూడా, ఎందుకు ఏడుస్తున్నావని బండి మీద కేసు పెట్టలేదు.

"లేస్తదంటావా అన్నా," అన్నాడు కరీముల్లా.

"లేవకపోతే తంతాను. ఈ వారం తన్నడం బాగా అలవాటైంది."

"లేచినా రోడ్డెక్కనియ్యరు గదా. స్టీరింగున్న బండికి ఊరేగింపు పర్మిషనొక్కటే ఇస్తున్నారు. పూలు కట్టాల, డప్పు కొట్టాల, పదిహేను కిలోమీటర్ల స్పీడు దాటకూడదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పెట్రోలు రంగుల కొట్లో సీసాల్లో దొరుకుతుంది, మరకలు తుడుచుకోడానికి. పదకొండు సీసాలు తెచ్చాను. పర్మిషను కాగితంలో పెళ్ళికూతురి పేరు దగ్గర బండి పేరు రాశాను. పెళ్ళికొడుకు దగ్గర ఆసుపత్రిలో అక్క పడుకునే మిషను నంబరు వేశాను. ముహూర్తం ప్రతి మంగళ, గురు, శనివారం. సాయంత్రానికి జవాబు వచ్చింది. "ఆమోదించడమైనది. వధూవరులకు శుభాకాంక్షలు."

రాత 239, మంగళవారం

ఉదయం ఏడింటికి బయల్దేరాం. అంబాసిడరు నాలుగుసార్లు దగ్గి లేచింది. నేను స్టీరింగు పట్టుకున్నాను. కరీముల్లా వెనక కిటికీలోంచి సగం బయటికి వంగి డప్పు కొడుతున్నాడు. ముప్పై ఏళ్ళు రేకులు కొట్టిన చెయ్యి, డప్పు వాడికో లెక్క కాదు. అక్క ముందు సీట్లో, నా పక్కన. కొంగు నోట్లోనే ఉంది.

"తియ్యక్కా. దీనికి చెవుల్లేవు."

తీయలేదు. ఆటోనగర్ గేటు దాటాక మెల్లగా తీసింది. చిన్నగా "ఆ" అంది. బండి పోతూనే ఉంది. ఇంకోసారి కాస్త గట్టిగా అంది. పోతూనే ఉంది.

అంతే. బెంజి సర్కిలు దగ్గర మొదలుపెట్టింది. "బెంజి సర్కిలు, బెంజి సర్కిలు దిగేవాళ్ళు ముందుకి రండి. ఏవయ్యా డప్పు, నిన్నే, ఫుట్‌బోర్డు మీద వేలాడమాకు, లోపలికి జరుగు."

"లోపల చోటు లేదక్కా," అన్నాడు కరీముల్లా.

"చోటు లేంది నీ బుర్రలో. జరుగు."

తేరు బండ్లు మా చుట్టూ వరస కట్టి నత్తల్లా వస్తున్నాయి. ఊరేగింపును దాటకూడదని వాటికి రూలు. లోపలివాళ్ళంతా దిగొచ్చారు. రెండు వందలమంది ఉంటారు. చిందులేశారు, అక్క మీద పూలు చల్లారు. వారధి ఎక్కేముందు నేను కాస్త ఆపితే అక్క అటూ ఇటూ చూసి, తలుపు మీద రెండు దెబ్బలు వేసి, "రైట్ రైట్," అంది.

ముందుకే పోనిచ్చాను.

రాత 242, శుక్రవారం

ఈ రోజు తేజోమూర్తి మా షెడ్డుకు వచ్చాడు. ఊరేగింపుల మీద ఫిర్యాదులొచ్చాయని చెప్పడానికి. వచ్చే వారం దాటితే ఆ పర్మిషను నెలకొకటే. ఆ మాట చెప్పి తన బండెక్కాడు. అప్పుడే ఫోను వచ్చింది. పైఆఫీసరు కాబోలు. "రైట్, రైట్, చూస్తాను సార్," అన్నాడు. బండి కుడికి తిరిగి, ఆయన్ని తీసుకుపోయి మురుగుకాలువలో నించోబెట్టింది. నేనూ కరీముల్లా వెళ్ళి చెయ్యిచ్చి లాగాం. ప్యాంటు నిండా బురద. నా మొహం చూడలేక, "మీ అక్కగారి అర్జీ పైబోర్డుకు పంపుతానండి," అన్నాడు.

రాత 245, సోమవారం

పైబోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. "రాత 182ను సాక్ష్యముగా పరిశీలించుటకు, మీ రాతలలో అసత్యములేవో మీరే గుర్తించి సంతకముతో తెలుపవలెను. ఆ పిమ్మట మిగిలినవి సత్యములుగా పరిగణింపబడును."

అక్కకు చదివి వినిపించాను. "రాయరా," అంది. "ఒక్కటీ దాచుకోమాక. నీ సరదా కోసం దాచుకుంటావు నువ్వు." రేపు మళ్ళీ మంగళవారం. ఊరేగింపుల పర్మిషను ఈ శనివారంతో ఆఖరు. ఆలోపు గొంతు రాకపోతే అక్క ఆ బండెక్కదు. నాకు తెలుసు.

కాబట్టి రాస్తున్నాను. నా పేరు కట్టెపోగు దానియేలు. ఈ కింద చెప్పినవి నేను కల్పించినవి.

రాత 180 నుంచి 193 వరకు ఏ ఏనుగూ రాలేదు. స్టూలు విరిగింది నిజం, మౌనం పాటించడం అబద్ధం, పొద్దంతా అరుస్తూనే ఉన్నాను.

తేజోమూర్తి మురుగుకాలువలో పడలేదు. ఫోను రాలేదు. నెలకొకటే అని చెప్పి, నీళ్ళు తాగి, బండెక్కి "ముందుకు సాగుము" అని చక్కగా వెళ్ళిపోయాడు. పడితే బాగుండునని రాశాను. అర్జీ ఆయన పంపలేదు, నేనే పంపాను.

ఊరేగింపులో రెండు వందలమంది లేరు. ఎవరూ దిగలేదు, పూలు చల్లలేదు. రోడ్డు పక్కన ఒక్క ముసలాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు, శవం పోతోందనుకుని.

వారధి మీద మేం ఆగింది నలభై నిమిషాలు కాదు. యాభై మూడు. ఎవరూ నమ్మరని తగ్గించాను. లెక్క మీ బండి దగ్గరే ఉంది, చూసుకోండి.

ఆ యాభై మూడు నిమిషాల్లో అక్క ఎవరినీ తిట్టలేదు. తిట్లన్నీ నావి, తర్వాత ఇంటికొచ్చి కూర్చుని రాసినవి. పిక్కలు పట్టేసి అల్లాడుతోంది. బండి ఆగిపోయిందక్కా, ఇంక తియ్యి, గట్టిగా అరువు, ఏం కాదు అని నేను కొంగు లాగుతుంటే రెండు చేతులతో అదిమిపెట్టుకుంది. ఇంకోసారి మూలిగితే మళ్ళీ కదలదేమోనని.

మిగతాదంతా జరిగింది.